గాజుతొట్టిలో జలోద్యానము

నేఁడు పట్టణములందేకాక పెద్ద గ్రామములందును, ముందరి గదిలో నొక గాజుతొట్టియు అందు నాలుగైదు రంగుచేఁపలును గల యిండ్లు తఱచుగాఁ గానవచ్చుచున్నవి. బిడ్డలు ముచ్చటపడి యడుగుదురు. తండ్రులు కొని తెచ్చెదరు. దాని పోషణభారము మాత్రము తల్లులపైఁ బడును. తొట్టి యడుగున నీలివి, ఎఱ్ఱవి గులకఱాళ్లు, నడుమ నొక ప్లాస్టికు చెట్టు, నోరు తెఱచుచు మూయుచునుండు నొక బొమ్మ మొసలి, ఇదియే యా తొట్టికిఁ జేయు నలంకారము. పది దినములు గడచునప్పటికి నీరు తెల్లగాఁ గలఁగును. ప్లాస్టికు ఆకులపై గోధుమవన్నె పాఁచి పట్టును. ఒకనాఁటి యుదయమునఁ జేఁప యొకటి వెల్లకిల నీటిపైఁ దేలుచుండును. బిడ్డ యేడ్చును. తల్లి దానిని దీసివైచి, తొట్టినంతయుఁ దోమి కడిగి, క్రొత్తనీరు నింపి, మఱియొక చేఁపను దెప్పించును. నెల తిరుగకుండ నదియు నట్లే యగును.

దీనికిఁ గారణము ఆ యిల్లాలి యశ్రద్ధ కాదు. ఆ తొట్టిలోఁ జేఁపలు తప్ప బ్రదికియున్నది మఱి యేదియుఁ గానరాకపోవుటయే ముఖ్యకారణము. చెఱువులోని చేఁప యొంటిగా బ్రదుకదు. నాఁచు, తామర, నత్త, మట్టి, కంటికిఁ గానరాని సూక్ష్మజీవులు, ఇవియన్నియు దానికి బంధువర్గము. బంధువులను విడఁదీసి యొక్కదానిని మాత్రము గాజుగోడల నడుమ నిలిపినయెడల నది యెన్నాళ్లు నిలుచును? సజీవములైన మొక్కలచేఁ దొట్టి నెట్లు సుందరముగాఁ దీర్పవచ్చునో, ఆ సౌందర్యమే చేఁపల కెట్లు ప్రాణాధారమగునో, నాకుఁ దెలిసినంతవఱకు సోదరీమణులకు విన్నవించెదను.

ఈ విద్యకు మొదటివారు

గాజుతొట్టిలో జలజీవులను బ్రదికించు విద్యకుఁ దారితీసినవారిలో నిరువురు స్త్రీలుండిరని యెఱుఁగుట మనకు సంతోషకరము. ఝాన్ విల్‌ప్రో పవర్ అను నామె 1794వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి జుయాక్ అను నూరఁ జెప్పులు కుట్టువాని యింటఁ బుట్టెను. పారిసు నగరమునకుఁ బోయి దుస్తులపై బుటాపని చేసి జీవించెను. పిమ్మట నొక ఆంగ్లేయ వర్తకుని వివాహమాడి, సిసిలీ ద్వీపమందలి మెస్సీనా పట్టణమునఁ గాఁపురముండి, ప్రకృతిశాస్త్రమును దనంతఁ దానే యభ్యసించెను. ఆర్గొనాట్ అను నొక సముద్రజీవి కాగితమువలెఁ బలుచనైన తెల్లని గుల్లలో నివసించును. ఆ గుల్లను అది తానే కట్టుకొనునా, లేక పరుల గుల్లలోఁ జొచ్చునా యని పండితులు వాదించుకొనుచుండిరి. ఆమె 1832వ సంవత్సర ప్రాంతమున గాజుతొట్లు చేయించి, యందు జీవులను బ్రదికించి, దినదినమును జూచి, అవి తమ గుల్లను దామే కట్టుకొనునని నిరూపించెను. సూది పట్టిన చేతులే యా వివాదమును దీర్చినవి.

రెండవ యామె లండను నగరవాసిని యగు ఆనా థిన్. ఆమె 1846లో సముద్రతీరమునుండి పగడపుజాతి జీవులను దన యింటికిఁ దెచ్చెను. లండను సముద్రమునకు దూరము. ఉప్పునీటిని మాటిమాటికి మార్చుట కలవికాదు. కావునఁ బనిమనిషిచేఁ బ్రతిదినము నరగంటకుఁ బైగా, తెఱచిన కిటికీచెంత, ఆ నీటి నొక పాత్రనుండి మఱియొక పాత్రకుఁ బలుమాఱు పోయించి గాలి సోఁకించుచుండెను. పిమ్మట సముద్రపు నాఁచును నీటిలో నుంచఁగా నా శ్రమ తగ్గెను. పనిమనిషి చేయుపనిని నాఁచు చేసినదన్నమాట.

మంచినీటి తొట్టి విషయమున నీ సూత్రమును శాస్త్రరీతిగాఁ బ్రకటించినవాఁడు రాబర్టు వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుఁడు. ఆయన పండ్రెండు గ్యాలనుల పాత్రలో రెండు బంగరుచేఁపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఉంచెను. కొంతకాలమునకు రాలిన యాకులు కుళ్లి నీరు చెడఁజొచ్చెను. అప్పుడు నత్తలను వేయఁగా నవి కుళ్లిన యాకులను దిని నీటిని దేర్చెను. మొక్క, చేఁప, నత్త యొకదాని నొకటి పోషించుకొను నీ విధమును ఆయన 1850లో వెల్లడించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు ప్రజలందఱును జూచుటకై చేఁపలయిల్లు తెఱవఁబడెను. నేఁటి గాజుతొట్లన్నియు వాని సంతతియే.

మొక్క చేయు మేలు

నీటిమొక్క వెలుఁగులో నున్నంతసేపు చేఁపలు విడిచిన బొగ్గుపులుసు గాలిని గ్రహించి ప్రాణవాయువును విడుచును. నీటిలో మునిఁగిన యాకులు ఎండలో నుండఁగా బుడగలు విడుచుననియు, చీఁకటిలో నవి నిలిచిపోవుననియు, యాన్ ఇంగెన్‌హౌస్ అను వైద్యుఁడు 1779లోనే కనిపెట్టెను. మా యింటివారు పాఠశాలలోఁ బిల్లలకుఁ జూపు ప్రయోగము నిదియే. హైడ్రిల్లా కొమ్మలను గాజుపాత్రలో నుంచి, వానిపై గరాటును బోర్లించి, ఆ గరాటుకాడపై నీరునిండిన గాజుగొట్టమును దలక్రిందుగా నిలిపి యెండలోఁ బెట్టుదురు. బుడగలు సన్నని ముత్యాలసరములవలె లేచి గొట్టము కొనను జేరును.

రెండవ మేలు ఇంతకన్నను గొప్పది. చేఁపల మలమునుండియు, తినక మిగిలిన మేఁతనుండియు నీటిలో అమ్మోనియా పుట్టును. అది చేఁపలకు విషము. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మఱికొన్ని దానిని నైట్రేటుగా మార్చును. ఇది స్వల్పముగా నున్నంతవఱకుఁ జేఁపల కంతగా హాని చేయదు. మొక్కలు అమ్మోనియాను నైట్రేటును గూడఁ దమ కాహారముగాఁ బీల్చుకొనును. తొట్టిని నెలకొకసారి యడుగుదాఁక కడుగుటచేత నీ సూక్ష్మజీవులు కొట్టుకొనిపోవును. అందుచేతనే మిక్కిలి శుచిగాఁ గడిగిన తొట్టిలోఁ జేఁపలు త్వరగాఁ జచ్చుచుండును. పాలపాత్రను దోమినట్లు చేఁపలతొట్టిని దోమరాదు.

తొట్టియు దాని తావును

గుండ్రని చిన్న గాజుకుండ చూచుటకు ముద్దుగా నుండునుగాని చేఁపకు మేలు చేయదు. అందు గాలి సోఁకు నీటిపైభాగము తక్కువ. మొక్కలకుఁ జోటు లేదు. ఇటలీ దేశమందలి మోంజా పట్టణమువారు 2004లోను, రోము నగరమువారు 2005లోను అట్టి గుండ్రని కుండలలోఁ జేఁపలనుంచుట నిషేధించిరి. రెండడుగుల పొడవును, అడుగు వెడల్పును, అడుగు ఎత్తును గల తొట్టి క్రొత్తవారికిఁ దగినది. నీరు ఎంత యెక్కువయో పొరపాట్లను అంత యెక్కువగా నోర్చును.

ఇట్టి తొట్టిలో నించుమించుగా 56 లీటర్ల నీరు పట్టును. నీరే 56 కిలోల బరువు. ఇసుక, ఱాళ్లు, గాజు చేరినయెడల 75 కిలోలకు మించవచ్చును. కావున బల్ల దృఢముగాను సమముగాను ఉండవలెను. నిండిన తొట్టిని కదపరాదు, అతుకులు విడిపోవును. సూటిగా నెండపడు కిటికీచెంతఁ బెట్టిన పాఁచి విపరీతముగాఁ బెరుగును. వేసవిలో నీరు కాఁగును. పొయ్యిగదికి దూరముగా, ఎండ సోఁకని గోడకు నానించి, దీపపు వెలుఁగున మొక్కలను బెంచుట మేలు. ఎల్.ఇ.డి. దీపమును మొదటి మాసమున దినమున కాఱు గంటలును, పిమ్మట ఎనిమిది గంటలును వెలిఁగించినఁ జాలును. ప్రతిదినము నొక్కవేళకే వెలిఁగించి యొక్కవేళకే యార్పవలయును.

అడుగుపఱుపు

రంగు పూసిన గులకఱాళ్లు వలదు. రెండు మూఁడు మిల్లీమీటర్ల పరిమాణము గల యేటియిసుకను నీరు తేఁటగా వచ్చువఱకు బియ్యము కడిగినట్లు పలుమాఱు కడిగి పఱవవలెను. వేరు పాఱు మొక్కలు నాటఁదలఁచినవారు దాని క్రింద నొక అంగుళము మందమున, ఎరువుగాని పురుగుమందుగాని సోఁకని తోఁటమట్టిని జల్లించి పఱచి, పైన ఇసుకతోఁ గప్పుదురు. ముందువైపు రెండంగుళములును, వెనుకవైపు నాలుగంగుళములును ఉండునట్లు వాలుగాఁ బఱచినయెడల తొట్టి లోఁతుగాఁ గానవచ్చును.

ఱాళ్లను తెచ్చునప్పు డొక పరీక్ష చేయవలెను. పుల్లని నిమ్మరసమును ఱాతిపై పిండినపుడు నురుగు పొంగినయెడల నది సున్నపుఱాయి. అట్టి ఱాళ్లును, గవ్వలును, శంఖములును నీటిని మఱింత కఠినముగాఁ జేయును గావునఁ దొట్టిలో నుంచరాదు. కఱ్ఱమోడును ఉంచఁదలఁచినచో బాగుగా నెండినదానిని ఉడకఁబెట్టి, కొన్ని వారములు నీట నానవేయవలయును. లేనియెడల నది పైకిఁ దేలును. నీటికి తేనీటిరంగు వచ్చును. ఆ రంగు చేఁపలకు హాని కాదుగాని చూపునకుఁ గొఱత.

మొక్కల యెంపిక

వెనుకవరుసకు వాలిస్నేరియా మిక్కిలి తగినది. రిబ్బనులవంటి దీని పొడవైన యాకులు నీటికదలికకు వంగుచుండును. తీఁగ పాఱి ప్రక్కప్రక్కనే పిల్లమొక్కలు పెట్టును. దీని పుష్పవిధానము మన కవుల కంటఁ బడినచో నెన్ని పద్యములు పుట్టియుండెడివో! ఆఁడుపూవు స్ప్రింగువలెఁ జుట్టుకొనిన పొడవైన కాడపై నీటిమీఁదికి వచ్చి నిలుచును. మగపూవులు నీటియడుగునఁ బుట్టి, తల్లిమొక్కనుండి విడిపోయి, పైకిఁ దేలి, ఓడలవలెఁ బోయి దానిని జేరును. ఫలదీకరణమైన పిదప ఆ కాడ మఱలఁ జుట్టుకొని గర్భమును నీటిలోనికి లాగుకొనును.

హైడ్రిల్లా మన చెఱువులలోను కాలువలలోను సమృద్ధిగా దొరకును. చవుటినీరు గల బోరుబావుల యూళ్లలోఁగూడ నిదియు వాలిస్నేరియాయు చక్కఁగాఁ బెరుగును. వైద్యులు బ్రాహ్మి యని వాడు బకోపా మొక్కయు నీటిలో నిలుచును. దాని గుండ్రని దళసరి యాకులు నడిమివరుసకు సొంపు గూర్చును. సింహళమునఁ బుట్టిన క్రిప్టొకొరైన్ వెండ్టి యను మొక్క గోధుమరంగు ఆకులతో నీడపట్టునఁగూడఁ బెరుగును. దానిని నాటిన క్రొత్తలో నాకులన్నియుఁ గరఁగిపోయినట్లగును, భయపడి పెఱికివేయరాదు. వేరు బ్రదికియుండి మఱలఁ జిగిర్చును.

జావా ఫెర్న్ అను నీటిపర్ణికయు, పశ్చిమాఫ్రికా వాగులలో పుట్టిన అనూబియాసును తక్కువ వెలుఁగులోఁగూడ బ్రదుకును. వీని దుంపవంటి కాండమును ఇసుకలోఁ బూడ్చినఁ గుళ్లును. నూలుదారముతో ఱాతికిగాని మోడునకుఁగాని కట్టవలెను. కొన్ని వారములలో వేళ్లు తామే పట్టుకొనును. పైన తేలు మొక్కలలో అంతరతామర యందమైనదే కాని త్వరగాఁ గమ్ముకొని క్రిందిమొక్కలకు వెలుఁగు దక్కనీయదు. వారమున కొకమాఱు సగము తీసివేయవలెను.

అంగడిలోఁ గొనునపు డొక జాగ్రత్త. ఒక పట్టణమున నీటిమొక్కల అంగడికిఁ బోయినపుడు, అచ్చటి వర్తకుఁడు నీటిమొక్కలని నాకుఁ జూపిన మూఁడింటిలో రెండు కుండీలలోఁ బెంచు మొక్కలే. అదృష్టపువెదురని పేరు పెట్టిన డ్రసీనాను పూర్తిగా నీట ముంచి యమ్ముచుండిరి. దాని యాకులు నీటిపై నున్ననే అది బ్రదుకును. మునిఁగినఁ గొన్ని వారములలోనో నెలలలోనో కుళ్లి నీటిని విషము చేయును. నీటిమొక్కను నీటినుండి పైకెత్తినపుడు సాధారణముగాఁ దడిసిన నూలువలె వ్రేలాడును; నేలమొక్క బిగిసి నిలుచును. ఈ గుర్తు అన్నింటికిని చెల్లదుగాని, మనల ననేక మోసములనుండి కాపాడును. తెచ్చిన మొక్కలను ఆకు ఆకును పరికించి కడిగి, కొన్ని దినములు వేఱు పాత్రలో నుంచి పిమ్మటఁ దొట్టిలో నాటవలయును.

అమరికలోని యౌచిత్యము

ఒక్కొక్క యాభరణము విలువైనదైనను, మొలనూలును మెడలో వేసికొన్న స్త్రీని జూచి లోకము నవ్వునని యౌచిత్యమును గూర్చి వ్రాసిన మన యాలంకారికులు చెప్పుదురు. తొట్టికిని ఇదియే న్యాయము. పొట్టిమొక్క ముందు, పొడవుమొక్క వెనుక. ఒక్కొక్క జాతిని నొక్కొక్క గుంపుగా నాటవలెనేకాని, ఊరగాయలో ముక్కలవలెఁ గలగలపులగము చేయరాదు. రెండడుగుల తొట్టికి నాలుగైదు జాతులు చాలును. ఎఱుపువన్నె మొక్క యొక్కటి యున్నఁ బచ్చదనము మిక్కుటముగా శోభించును; నాలుగున్నచో నేదియుఁ గంటి కానదు.

కంటిని నిలుపు ముఖ్యవస్తువు, అది ఱాయి గాని మోడు గాని గుబురుమొక్క గాని, తొట్టికి సరిగా నడుమ నుండరాదు. పొడవును మూఁడు భాగములు చేసి, ఒక ప్రక్కనుండి మూఁడవవంతు దూరమున నుంచవలయును. జపానువారు ఱాళ్లనే ప్రధానముగాఁ జేసికొను ఇవగుమి యను పద్ధతిలో బేసిసంఖ్యగా ఱాళ్లు పేర్చి, వానిలో నొకదానిని పెద్దదిగా నిలుపుదురు. హాలెండువారు ఱాళ్లను మోళ్లను అంతగా వాడక, మొక్కలనే వరుసలుగా, మెట్లుగాఁ బెంచుదురు. వారిది పూలతోఁట, జపానువారిది కొండవాగు. ఏదైన నొకదానినే యనుసరింపవలెను.

ఈ కాలమున నీ విద్యకు లోకప్రసిద్ధి దెచ్చినవాఁడు జపానుదేశపు నీగాటా ప్రాంతమువాఁడగు తకాషి అమానో (1954–2015). ఆయన ఛాయాచిత్రకారుఁడు. అడవులను జూచి, చిత్రించి, ఆ యడవిరూపమునే గాజుతొట్టిలో దింపెను. పోర్చుగలు రాజధాని లిస్బనులోని మత్స్యశాలయందు 2015లో ఆయన తీర్చిన తొట్టి 40 మీటర్ల పొడవు. అందు 1,60,000 లీటర్ల నీరు పట్టును. అంత పెద్దదానియందును ఆయన గొంత చోటును ఖాళీగా విడిచెను. ముగ్గులో చుక్కలనడుమ విడిచిన నేలయే ముగ్గునకు రూపమిచ్చినట్లు, తొట్టిలో విడిచిన తెల్లని యిసుకయు, ఒట్టి నీరును మొక్కలకు రూపమిచ్చును. తొట్టివెనుక నల్లని కాగిత మంటించినచో నాకుల పచ్చదనము రెండింతలగును.

నాటిన పిదప

ఇఁక నోర్పు కావలెను. మొక్కలు నాటిననాఁడే చేఁపలను వేయరాదు. సూక్ష్మజీవులు స్థిరపడుటకు సామాన్యముగా నాలుగు మొదలాఱు వారములు పట్టును. చిటికెడు మేఁత దినము విడిచి దినము వేసినఁ జాలును. అదియే కుళ్లి వానికి ఆహారమగును. ఆ కాలమున మొక్కలు వేళ్లూనును. పిమ్మట రెండు మూఁడు చేఁపలను వేసి, మఱి రెండు వారములకు మఱికొన్ని వేయవలెను.

వారమున కొకమాఱు నాలవవంతు నీటిని దీసి క్రొత్తనీరు పోయవలయును. పురపాలకులిచ్చు కొళాయినీటిలో క్లోరిను కలసియుండును. అది చేఁపలకును సూక్ష్మజీవులకును చేటు. వెడల్పైన పాత్రలో నొక దినము మూఁతలేక నిలువయుంచిన క్లోరిను చాలవఱకుఁ బోవును. క్లోరమిను కలిపిన నీటి కది చాలదు; అంగళ్లలో దొరకు క్లోరిను పోగొట్టు మందును వాడవలెను. తీసిన పాతనీటిని పాఱఁబోయక తులసికిని కరివేపకును బోయుదురుగాక. మొక్కలకది మంచి సత్తువ.

ఫిల్టరులోని దూదిని గాని నురుఁగుముక్కను గాని కొళాయిక్రిందఁ గడుగక, తొట్టినుండి తీసిన పాతనీటిలో మెల్లగాఁ బిండవలెను. పాఁచి హెచ్చినయెడల నదియొక రోగము కాదు, వార్త. వెలుఁగు ఎక్కువైనదనియో, మేఁత ఎక్కువైనదనియో, మొక్కలు తక్కువైనవనియో అది చెప్పుచున్నది. వెలుఁగును రెండు గంటలు తగ్గించి, త్వరగాఁ బెరుగు హైడ్రిల్లావంటి కొమ్మలు కొన్ని నాటినఁ బాఁచికి దక్కవలసిన యాహారమును అవి హరించును. రెండు నిమిషములలోఁ జేఁపలు తినునంత మేఁతయే వేయవలెను. అతిథికిఁ గొసరి వడ్డించు మన యలవాటు ఇచ్చటఁ బనికిరాదు.

మన వేసవిలో నీటి వేఁడి 32 డిగ్రీలకు మించుచుండును. చాలచేఁపలకును మొక్కలకును 24 మొదలు 28 డిగ్రీల వఱకు హితము. నీరు వేఁడెక్కినకొలఁది దానిలోఁ బ్రాణవాయువు తగ్గును. రాత్రివేళ మొక్కలుగూడఁ బ్రాణవాయువునే పీల్చును గావున తెల్లవాఱుజామున చేఁపలు పైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. అట్టి దినములలో మూఁత తీసి వలగుడ్డ కప్పి, రాత్రి యంతయు గాలిపంపును నడుపవలెను.

సత్యవ్రతుని చేఁప

భాగవతములోని మత్స్యావతారకథ యెఱుఁగని యిల్లాలు లేదు. సత్యవ్రతుఁడు కృతమాలానదిలో నర్ఘ్యమిచ్చుచుండఁగా దోసిటిలోఁ బడిన చిఱుచేఁప శరణు వేఁడెను. కమండలువులో నుంచఁగా నది చాలలేదు, పెద్దపాత్ర చాలలేదు, సరస్సు చాలలేదు, తుదకు సముద్రము వలసివచ్చెను. రంగుచేఁపలు కొనునపుడు నాకీ కథయే జ్ఞప్తికి వచ్చును. అంగడిలో రెండంగుళములున్న బంగరుచేఁప చక్కఁగాఁ బెరిగినయెడల ఎనిమిది అంగుళములకు మించును. అదియు మొక్కలను దినును, ఇసుకను త్రవ్వును. శార్కు పేరుతో నమ్ముచుండు కొన్ని జాతులు అడుగునకుఁ బైగాఁ బెరుగును. మన తొట్టి వానికి సత్యవ్రతుని కమండలువే. గప్పీలు, జీబ్రా డానియోలు, గులాబివన్నె పరిగెలు మున్నగు చిన్నవి పండ్రెండింటివఱకు రెండడుగుల తొట్టిలో సుఖించును. జీబ్రా డానియో మన భరతఖండపు నదులదే.

పడమటికనుమల వాగులందుఁ బుట్టిన మిస్ కేరళ యను చేఁప తన యెఱ్ఱని చారయందమే తనకుఁ బగయై, విదేశపు తొట్లకై విరివిగాఁ బట్టఁబడుటచేత నేఁడు అంతరించు ప్రమాదమందున్న జాతుల పట్టికలోఁ జేరినది. దానిని గొనుటకుముందు, అది పెంపకపుచెఱువులోఁ బుట్టినదా, వాగులోఁ బట్టినదా యని యడుగుట మన విధి.

చెఱువుల యెడ మన ధర్మము

ఇఁక నొక్క మాట. దీనినే నేను ముఖ్యముగాఁ దలఁచెదను. కత్తిరించిన కొమ్మలను, వలదనుకొన్న చేఁపలను, మిగిలిన నత్తలను చెఱువులోనో కాలువలోనో విడుచుట పుణ్యమని కొందఱు భావింతురు. అది పుణ్యము గాదు. గుఱ్ఱపుడెక్క దక్షిణ అమెరికానుండి పూవుల యందమునకై తేఁబడినదే. నేఁడు మన కాలువలను, కొల్లేటిని గమ్మి జాలరుల పడవలకు దారి లేకుండఁ జేయుచున్నది. మనకు సాధువైన హైడ్రిల్లా 1950 ప్రాంతమున తొట్లవ్యాపారమువలన అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమునకుఁ జేరి, అచ్చటి సరస్సులను నిండించి, ప్రభుత్వమువారికిఁ దీరని వ్యయమును దెచ్చినది. తొట్టిగోడల పాఁచిని దినునని కొని తెచ్చుకొను నల్లమచ్చల చేఁప మన జలములందుఁ జేరి, దెయ్యపుచేఁప యని పేరొంది, తన ముండ్లఱెక్కలచే జాలరుల వలలను జింపుచున్నది. ఒక యింటివారు దయతలఁచి విడిచినది ఆ జాలరి యింటి పొయ్యిమీఁదఁ బడుచున్నది.

కావునఁ గత్తిరించిన కొమ్మలను ఎండలో బాగుగా నెండనిచ్చి పూలకుండీలకు ఎరువుగా వేయవలెను. చేఁపలు వలదనుకొన్నచో నమ్మినవానికే తిరిగి యీయవలెను. అన్నిటికంటె మేలైన మార్గ మొకటి కలదు. పెరుగు తోడుపెట్టుటకుఁ బొరుగింటికిఁ జిన్నగిన్నెతోఁ బోవుదుము గదా! అట్లే వాలిస్నేరియా పిల్లమొక్కను, జావాఫెర్న్ ముక్కను దడిగుడ్డలోఁ జుట్టి, ప్లాస్టికు చెట్టుతో విసిగిన పొరుగింటి సోదరికిఁ బంపుఁడు. ఎట్లు నాటవలెనో, ఎన్ని వారములు వేచియుండవలెనో కూడఁ జెప్పి పంపుఁడు. ఆ యింటి బిడ్డ మరునెలలోఁ జచ్చిన చేఁపను జూచి యేడ్వకుండును.